గుమాస్తా ఇంటి గోడ

"వీడి మొహం మండ," అంది రాజశ్రీ, నూట యాభై ఏళ్ల నాటి ఉత్తరం మీంచి తల ఎత్తకుండానే.

ఆక్లండ్‌లో పాత రికార్డుల ఆఫీసు. వలస పాలన నాటి ఫైళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. ఈ రోజు ఫైలు ఉద్యోగుల ఇంటి భత్యాలది. హార్పర్ అనే రేవు గుమాస్తా పై అధికారికి రాసుకున్నాడు: సర్కారు ఇచ్చిన ఇంట్లో గోడలు చెమ్మ కారుతున్నాయి, పసిబిడ్డకు దగ్గు ఆగడం లేదు, భత్యం ఇప్పిస్తే పొడిగా ఉన్న ఇల్లు చూసుకుంటాను.

"ఏమన్నాడేంటి ఆ అధికారి?" అడిగింది పక్క సీటులోని వర్షిత.

"కిటికీలు తీయవు, పొద్దస్తమానం కుండలు ఉడకేస్తావు, తప్పు గోడది కాదు నీది అన్నాడు. తనకి మాత్రం కొండ మీద ఉచిత బంగ్లా. ఆపైన భత్యం."

"ఛీ. తర్వాత?"

రాజశ్రీ కాగితం తిప్పింది. హార్పర్‌దే మరో ఉత్తరం. రెండే వాక్యాలు. కూతురు ఎలెన్‌ను పూడ్చిపెట్టడానికి ఒక పూట సెలవు ఇచ్చినందుకు కృతజ్ఞతలు.



"ఇలాంటివాణ్ని ఒక్క చలికాలం ఆ చెమ్మ ఇంట్లోనే పడుకోబెట్టాలి," అంది రాజశ్రీ.

ఫోన్ మోగింది. ఊరి అవతల మౌంట్ ఆల్బర్ట్ పేట నుంచి లోకేశ్.

"ఆంటీ, గోడంతా మళ్లీ నల్లగా బూజు పట్టింది. పాపని నిన్న హాస్పిటల్‌కి తీసుకెళ్లాం."

"అయ్యో. ఇప్పుడెలా ఉంది?"

"దగ్గుతూనే ఉంది ఆంటీ. ముందు ఆ చెమ్మ సంగతి చూడమన్నారు డాక్టర్."

"వర్క్‌లో ఉన్నా నాన్నా. మెసేజ్ పెడతాలే."

"ఎవరక్కా?" అంది వర్షిత.

"మనవాళ్ల అబ్బాయే. చదువుకోడానికొచ్చి ఇక్కడే సెటిలయ్యాడు. అద్దెకుంటున్న ఇంట్లో గోడకి బూజట, పాపకి దగ్గట."

"పాపం. ఈ ఊరి ఓనర్లంతా ఆ బంగ్లావాడి మనవలే అక్కా."

రాజశ్రీ తల ఊపింది.

హార్పర్ రెండో ఉత్తరాన్ని ఒక్క తప్పు లేకుండా ఎక్కించింది. ఎలెన్ పేరు దగ్గర కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోన్ తీసి లోకేశ్‌కు మెసేజ్ పెట్టింది.

"చలి అని కిటికీలు మూసుకుని పొద్దస్తమానం వంటలు చేస్తుంటే గోడలు చెమ్మగిల్లక ఏం చేస్తాయి నాన్నా, నా ఇల్లు కాస్త జాగ్రత్తగా వాడుకోండి."