బేబీకి పసుపు కుంకుమ

చక్కెరకేళీ గెల భుజాన వేసుకుని నాగదుర్గ ఆత్రేయపురంలో ఆటో దిగేసరికి, మైకులో తమ్ముడి పేరు మోగిపోతోంది.

పుట్టింటి వీధి గుర్తుపట్టలేనట్టుంది. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద చీర కట్టుకుని, కొంగు కొస కొరుకుతూ తమ్ముడు రాజేంద్ర. కింద ‘మన ఊరి బేబీకి ఘన సన్మానం’ అని రాశారు.

రాజేంద్ర టీవీ నటుడు. ‘బేబీ గారి కాపురం’ అనే కామెడీ సీరియల్లో బేబీ వాడే. బేబీ నడుం తిప్పితే నవ్వు. బేబీ కళ్ళు తుడుచుకుంటే నవ్వు. మొగుడి చేతిలో చెంపదెబ్బ తింటే మరీ పెద్ద నవ్వు. ఎవరు నవ్వుతారో తెలీదు గానీ, టీవీలోంచి ఆ నవ్వు మాత్రం ఠంచనుగా వచ్చేస్తుంది.

ఆ నడక నాగదుర్గది. కొంగు కొస కొరకడం నాగదుర్గ అలవాటు. కుచ్చిళ్ళు పెట్టుకోవడం దగ్గర్నుంచి సిగ్గుపడి తల తిప్పుకోవడం దాకా, రావులపాలెంలో తన అద్దె గదిలో కూర్చోబెట్టి తమ్ముడికి అన్నీ ఆమే నేర్పింది. అవన్నీ ఆమె ప్రాణంగా చూసుకునేవి. మొదటిసారి టీవీలో వాటి మీద నవ్వు వినబడినప్పుడు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆ మర్నాడు అరటిపళ్ళ మార్కెట్లో నడిచి వెళ్తుంటే ఎవడో వెనకనుంచి, “అచ్చం బేబీలా నడుస్తన్నావే!” అని ఈల వేశాడు. తన నడక తనకే అరువు తెచ్చుకున్నదైపోయింది.

ఏడుస్తూ తమ్ముడికి ఫోన్ చేసింది.

“నా మీద జనాన్ని నవ్విస్తన్నావేంట్రా?”

“నీ మీద కాదక్కా, బేబీ మీద. అమ్మ ఒక్క ఎపిసోడ్ కూడా వదలదు తెలుసా? నవ్వీ నవ్వీ మనసు మెత్తబడుద్ది. ఊళ్ళో నాకు సన్మానం చేస్తారంట. ఆ రోజు నేనే నీ చెయ్యి పట్టుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. ‘ఇదిగోనమ్మా నీ కూతురు’ అంటాను. నన్ను నమ్మక్కా.”

అక్కా అన్న పిలుపు కోసం నాగదుర్గ ఏదైనా ఇచ్చేస్తుంది. నమ్మింది.

తల్లి పాపాయమ్మ పూతరేకులు చేస్తుంది. చిన్నప్పుడు నాగదుర్గ పొయ్యి పక్కనే కూర్చుని, బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి, రేకు చిరక్కుండా తీసేది. “అచ్చం నా చెయ్యే” అని తల్లి మురిసిపోయేది. ఆ తల్లే ఓ రోజు ఆమెను ఇదే గుమ్మంలోంచి వీధిలోకి తోసి తలుపేసుకుంది. నా బతుకు నన్ను బతకనివ్వమ్మా అన్నందుకు. ఊళ్ళో పరువు తీశావంది. ఆ తర్వాత గడప తొక్కనివ్వలేదు.

ఆడపిల్ల పుట్టింటికొస్తే పసుపు కుంకుమ, చీర పెట్టి పంపుతారు. నాగదుర్గకి ఆ యోగం ఒక్కసారీ పట్టలేదు. ఇవాళ పడుతుందనే ఆశతోనే వచ్చింది.

గెల దించుకుని షామియానా చివర నిలబడింది. స్టేజి మీద రాజేంద్ర బేబీ వేషంలోనే ఉన్నాడు. అక్కను చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. జనం ఉన్నారు కదా, సమయం చూసి పిలుస్తాడులే అనుకుంది పిచ్చిది.

సర్పంచ్ మాణిక్యాంబ మైకందుకుంది.

“మన బేబీకి శాలువా ఏం బాగుంటుందండీ? పాపాయమ్మ గారూ, మీకెలాగూ ఆడపిల్ల లేదు కదా. బేబీకే పసుపు కుంకుమ పెట్టెయ్యండి!”

జనం ఈలలు వేశారు. పాపాయమ్మ నవ్వు ఆపుకోలేక లేచింది. కొడుక్కి బొట్టు పెట్టింది. వాడి ఒళ్ళో పసుపు కుంకుమ, కొత్త పట్టుచీర పెట్టింది.

“అవునండి, ఆడపిల్ల లేని లోటు నా రాజేంద్ర తీర్చేశాడండి” అంది కళ్ళొత్తుకుంటూ.

బతికుండగానే తనను లేకుండా చేసేసింది తల్లి. కనీసం తమ్ముడైనా నోరు విప్పుతాడేమోనని చూసింది. వాడు కొంగు కొస కొరుకుతూ సిగ్గు నటిస్తున్నాడు. ఆమె అలవాటు, ఆమె కళ్ళ ముందే.

ఇక ఆగలేకపోయింది. గెల మళ్ళీ భుజానికెత్తుకుని, జనంలోంచి నడిచి వెళ్ళి స్టేజి ముందు నిలబడింది.

“అమ్మా!”

ముందు వరసలో ముసలివాళ్ళు గుర్తుపట్టారు. గుసగుసలు మొదలయ్యాయి. పాపాయమ్మ మొహం మాడిపోయింది. తల దించేసుకుంది.

“ఎవరండీ ఈవిడ?” మాణిక్యాంబ అడిగింది.

“చెప్పు తమ్ముడూ” అంది నాగదుర్గ. “చెప్తానన్నావుగా. అందరి ముందూ చెప్పు.”

ఫోన్లన్నీ పైకి లేచాయి. రాజేంద్ర తల్లి వంక చూశాడు. అక్క వంక చూశాడు. చివరికి జనం వంక చూశాడు. జనం నవ్వకుండా చూస్తుంటే ఏం చెయ్యాలో వాడికి తెలీదు. నవ్వించడం ఒక్కటే తెలుసు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, నడుం మీద చెయ్యేసి, బేబీ గొంతుతో కీచుగా అన్నాడు:

“ఈడు మా అన్నయ్య గణేష్‌బాబండి, నాకంటే ముందు మా ఇంట్లో చీర కట్టింది ఈడేనండోయ్!”