గోడ పలకరింపు

భీమరాజు కేసు రెండుసార్లు కొట్టేశారు. తప్పు కోర్టుది కాదు, మనిషిదే. నష్టపరిహారం కోర్టులు ఇంటి గోడలోంచే మాట్లాడే రోజులు కదా, విచారణ మొదలుపెడుతూ గోడ మర్యాదకి "బాగున్నారా?" అనేది. ఈయన అలవాటుకొద్దీ "మీ దయవల్ల బాగానే ఉన్నామండి" అనేవాడు. డాక్టర్ల రిపోర్టులు ఎన్నున్నా నోటిమాటదే పైచేయి. ఆ ముక్కనే వాంగ్మూలంగా రాసుకుని గోడ కేసు కొట్టేసేది.

కిటికీలు తెరుచుకోని అద్దాల ఆఫీసులో ఏళ్లతరబడి బూజుగాలి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి!

"ఈసారైనా నోరు జారకండి," అంది భార్య సత్యవేణి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

గోడ వెలిగింది. "భీమరాజు గారూ, బాగున్నారా?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. భార్య వంక బెదురుగా చూశాడు.

"లేదండి," అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా. "దగ్గొస్తే ఆగదండి. మా ఆవిడ బెంగెట్టుకుంటాదని బాత్రూంలోకెళ్లి, కుళాయి తిప్పేసి దగ్గుతానండి."

సత్యవేణి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నీళ్లు కొలిచి వదిలే ఈ కాలంలో కుళాయి అన్నిసార్లు తిప్పుతాడని ఆయన్ని రోజూ సాధించేది తనే.

"వాంగ్మూలం నమోదైంది. పరిహారం మంజూరు చేస్తున్నాం," అంది గోడ. ఆ మాట ఆవిడ చెవిన పడలేదు.

మర్నాడు పొద్దున్నే బాత్రూంలో కుళాయి చప్పుడైంది. సత్యవేణి తలుపు తోసుకుని వెళ్లింది. కుళాయి కట్టేసి, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు దగ్గండి," అంది.