చిన్నదాని పాదం

పోట్లాడే అత్తగారితో వేగడం ఏమంత కష్టం కాదు. ఏమీ అనకుండానే పని చెడగొట్టే అత్తగారితోనే తంటా. కోడలికి దొరికింది ఆ రకం. పచ్చబొట్టు వద్దని ఆవిడ ఒక్కమాట అనలేదు. “పిల్లల్నెవరు చూస్తారు, నేనూ వస్తా పద” అంటూ అందరికన్నా ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. టాటూ షాపులో కాలుపెట్టింది మొదలు ఇదీ వరస.

“సూది కొత్తదేనామ్మా?”

“మీ ముందే కవరు చింపుతా ఆంటీ” అంది టాటూలు వేసే అమ్మాయి.

“రంగు పడకపోతే ఒళ్ళంతా దద్దుర్లట కదా.”

“మొన్న ఈ అక్క వచ్చినప్పుడే చుక్క పెట్టి చూశాను. ఏం కాలేదు.”

“పసిపిల్లల తల్లి. పాలలోకి దిగితేనో?”

“వాళ్ళు తాగేది డబ్బాపాలే కదత్తయ్యా” అంది కోడలు, కుర్చీ చేతి మీద తన ముంజేయి చాపి పెట్టుకుంటూ.

అత్తగారు కాసేపు గోడకున్న బొమ్మలన్నీ పెళ్ళిచూపులకొచ్చినట్టు పరీక్షగా చూసింది. పక్కనే జంటబండిలో కవల ఆడపిల్లలిద్దరూ, ఒకే రంగు గౌన్లు, ఒకే రంగు మేజోళ్ళు, ఒకే రకం నిద్ర.

“ఈ పువ్వు బాగుంది చూడు. నాజూగ్గా ఉంది.”

“నాకు పువ్వు వద్దు.”

“పోనీ ఈ సీతాకోకచిలకలు. రెండున్నాయి, ఇద్దరికీ సరిపోతాయి.”

కోడలు తల అడ్డంగా ఊపింది. తనకు కావలసిందేమిటో ఆవిడకి తెలుసు. అందరికీ తెలుసు. కాన్పయిన రోజు పెద్దది కెవ్వుమంటూ ఒళ్ళోకి వచ్చింది. చిన్నది ఏడవనైనా ఏడవకుండా అద్దాలపెట్టెలోకి వెళ్ళింది. ఆ పెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టుకోవచ్చన్నారు. లోపల గొట్టాలు, పట్టీలు పోగా ఖాళీగా ఉన్నది ఒక్క పాదం. కోడలు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చుంది. వదిలితే పోతుందేమోనని భయం. నర్సు వచ్చి లేవమంటే కళ్ళతోనే బతిమాలేది. పిల్ల బతికింది, తేరుకుంది, బరువులో అక్కని అందుకుంది. రేపటితో సెలవు పూర్తయి కోడలు మళ్ళీ బ్యాంకు కౌంటరు వెనక కూర్చోవాలి. రోజంతా కళ్ళెదుట ఉండే ఆ ముంజేతి మీద ఆ పాదం ఉండాలి. అంతే.

“ఇద్దరూ అచ్చు గుద్దినట్టున్నారక్కా. ఎవరెవరో ఎలా పోల్చుకుంటారు?” అంది టాటూ అమ్మాయి ఇంకుపలక తీస్తూ.

“పెద్దదాని కాలి బొటనవేలికి గోరురంగు. స్నానాలయ్యాక చూసి, చెరిగితే మళ్ళీ వెయ్యడం మా అత్తయ్య డ్యూటీ. ఆ సీసా నన్ను ముట్టుకోనివ్వరు కూడా.”

అత్తగారు బండిని ఊపడం మొదలుపెట్టింది. పిల్లలు నిద్రలోనే ఉన్నారు.

“ఇద్దరి పాదాలూ వేయించుకోరాదుటే? పక్కపక్కన.”

“పెద్దదాన్ని పుట్టగానే ఎత్తుకున్నానత్తయ్యా. దీనిది నాకు దొరికింది పాదమొక్కటే.”

“రేపు ఇంకొకర్తి పెద్దదై, నాదేదీ అంటే?”

“చెప్తాను. మీ చెల్లి చావుదాకా వెళ్ళొచ్చిందని చెప్తాను.” కోడలు ఆవిడ వైపు తిరిగింది. “మీకే ఆ సంగతి గుర్తుండదు. డాక్టరు చిన్నదానికి రాసిచ్చిన బలం చుక్కలు ఇద్దరికీ పోస్తారు. చిన్నదాన్ని చూపించడానికి వెళ్తే ‘దీన్నీ ఓసారి చూడండి’ అని రెండోదాన్ని ముందుకి తోస్తారు. పేర్లు పెట్టి ఇన్నాళ్ళయినా ఇద్దర్నీ పండూ అనే పిలుస్తారు. ఎందుకండీ? ఇద్దరూ సమానమే, నాకు తెలీదా? కానీ దీనికి జరిగింది దీనికే జరిగింది. దాన్ని మీరలా తుడిచేస్తుంటే నేను చూస్తూ ఊరుకోలేను.”

ఇంతమాట కోడలెప్పుడూ అనలేదు. అత్తగారు కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది, అంతే. కోడలికి ఇంకా ఒళ్ళు మండింది.

“నువ్వు కానివ్వమ్మా” అంది అమ్మాయితో.

టాటూ అమ్మాయి పిల్లల మేజోళ్ళు లాగి చూసి, గోరురంగు లేని కాలిని మెత్తగా ఇంకు మీద అద్దింది. పిల్ల కళ్ళు తెరిచి, ఇదేం మర్యాదన్నట్టు చూసి, మళ్ళీ మూసుకుంది. కాగితం మీద పాదం దిగింది. కాగితం మీంచి ముంజేతి మీదికి ఊదారంగు గీతలయి దిగింది. ఐదు గింజల్లాంటి వేళ్ళు, గుండ్రటి మడమ.

కోడలు దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తున్నానని ఆమెకి తెలియలేదు, అమ్మాయి కాగితం రుమాలు అందించేదాకా.

“ఇప్పుడైతే సబ్బుతో పోతుందక్కా. సూది పడ్డాక ఇక చెరపలేం. వేసెయ్యనా?”

“వేసెయ్.”

మిషను జుయ్యిమంది. సూది ఇంకా చర్మాన్ని తాకలేదు, అత్తగారు లేచొచ్చి కోడలి ముంజేతిని తన రెండు చేతులతో కప్పేసింది.

“ఆంటీ, జరగండి, గుచ్చుకుంటుంది.”

ఆవిడ జరగలేదు.

“మళ్ళీ ఏంటత్తయ్యా? పువ్వా, చిలకలా?” అంది కోడలు విసుగ్గా. అంటూనే ఆగింది. ఆ చేతులు గీతల్ని చెరిపేసేటంత గట్టిగా ఒత్తుతున్నాయి.

మిషను ఆగింది. అత్తగారు బండిలో ఒక పిల్ల మొహం చూసింది, రెండో పిల్ల మొహం చూసింది, మళ్ళీ మొదటి పిల్ల దగ్గరికొచ్చింది.

“తప్పు నాదేనమ్మా, ఒకరోజు గోరురంగు పూర్తిగా పోతే, ఎవరెవరో తెలీక తోచిన పిల్లకి వేసేశాను.”