సన్నాయి సైదులు చిగుళ్లు

ఊళ్లో అందరిలాగే సన్నాయి సైదులు కూడా పొద్దున్నే పుక్కిలించి, నోరు చూసి జబ్బు చెప్పే అద్దం ముందు నోరు తెరిచాడు.

"చెడ్డ క్రిములు బాగా పెరిగాయి. చిగుళ్ల జబ్బు మూడో దశ. వదిలేస్తే పళ్లు ఊడతాయి," అంది అద్దం.

పళ్లు పోతే సన్నాయి పీక మీద పట్టు ఉండదు.

"దీనికి నోరెక్కువ," అంటూ సైదులు అద్దం మీద తువ్వాలు కప్పాడు.

భార్య కోటమ్మ తువ్వాలు లాగేసింది. "నిన్న నీ సన్నాయి పీక మీద నెత్తురు చూశా. అదీ అబద్ధమేనా?"

సైదులు పళ్ల డాక్టరమ్మ దగ్గరికెళ్లి గార తీయించుకున్నాడు. మూడు నెలలు రెండు పూటలా ఓపిగ్గా తోముకున్నాడు.

శ్రావణంలో మొదటి పెళ్లికి బయల్దేరుతుంటే, "క్రిములు తగ్గాయి. జబ్బు ముదరడం ఆగింది," అంది అద్దం. సైదులు అక్కడికక్కడే సన్నాయి అందుకుని మోహన రాగం ఎత్తుకున్నాడు.

"పెళ్లి మండపంలోనయ్యా, మనింట్లో కాదు!" అంది కోటమ్మ. అన్నదే గానీ, రాగం పూర్తయ్యేదాకా గడప దగ్గరినుంచి కదల్లేదు.