ఒకే నంబరు

"దిండు కింద దొరికిందండీ," అంటూ హాస్టల్ వార్డెన్ రమాసుందరి ఒక సెల్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "మీ అమ్మాయి చదువు ఎందుకు చెడిందో ఇప్పుడర్థమైందా?"

పత్తి బేరం మధ్యలో వదిలేసి గంపలగూడెం నుంచి తిరువూరు పరుగెత్తుకొచ్చిన అంతోనయ్యకు ఒళ్ళు మండిపోయింది. గోడవారగా తలొంచుకుని నిలబడ్డ కూతురు గ్లోరి వంక చూశాడు. పిల్ల సగమైపోయింది. కోపంలో ఆ సంగతి అతని కంటికి ఆనలేదు.

"టెన్త్‌లో స్కూల్ ఫస్టని చేర్చుకున్నాం. ఇప్పుడు సగం సబ్జెక్టులు పోయాయి. అన్నం తినదు, నిద్రపోదు. క్లాసులో కూడా బ్యాగులో చెయ్యి పెట్టి దాన్నే తడుముతుంటుంది. మొన్న ఆదివారం అందరి పెద్దవాళ్ళూ వచ్చిపోయారు. ఈ పిల్ల మాత్రం ఆ ఫోను పట్టుకుని సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చుంది."

"పత్తి సీజనండీ. రాలేకపోయాను," గొణిగాడు అంతోనయ్య.

"ఎవరితో మాట్లాడుతున్నావే అంటే, ఎవరూ మాట్లాడరు మేడమ్ అంటుంది. చూస్తే ఎప్పుడూ ఒకే నంబరుకి ఫోన్లు. పేరు కూడా లేదు."

"వాళ్ళమ్మ పోయాక బెంగెట్టుకుంటుందని నేనే కొనిచ్చాను మేడమ్. ఇందుకు వాడుతుందనుకోలేదు." అంతోనయ్య కూతురి వైపు తిరిగాడు. "ఎవడు వాడు?"

గ్లోరి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చెప్పవా? మీ అమ్మ పోయి బతికిపోయింది, ఈ మాట వినకుండా."

గ్లోరి తలెత్తింది. "వద్దులే నాన్నా. ఇంక ఎవరికీ చెయ్యను."

"నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా. వాడి సంగతి ఇక్కడే తేల్చేస్తా," అని బల్ల మీది ఫోను లాక్కున్నాడు. కళ్ళజోడు లేక అంకెలు అలుక్కుపోయినట్టున్నాయి. పచ్చ బటన్ రెండుసార్లు నొక్కి చెవికి ఆనించుకున్నాడు. రింగవుతోంది.

సరిగ్గా అప్పుడే అతని చొక్కా జేబులో సెల్లు మోగింది. విసుక్కుంటూ ఎడంచేత్తో బయటికి తీసి, చూడకుండానే నొక్కేశాడు.

చెవి దగ్గర రింగు ఆగిపోయింది.

"కట్ చేశాడు వెధవ," అన్నాడు వార్డెన్‌తో.

గ్లోరి కళ్ళు తుడుచుకుంది.

"రోజూ ఇట్టాగే కట్ చేస్తావు నాన్నా."