ఒంటిచేత్తో కట్టిన కారు

షార్జా నుంచి ఖోర్ ఫక్కాన్ వెళ్లే కొండదారిలో ఎత్తు మొదలవగానే వాసు కారు కుదుపులిచ్చి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. వరస చివర తన పాత సెడాన్‌లో వస్తున్న మురళి పెదవి కొరికి నవ్వు ఆపుకున్నాడు. సరిగ్గా తను అనుకున్న చోటే ఆగింది.

మధ్యలో ఉన్న కార్లు ఒక్కొక్కటే రోడ్డు పక్కకి తీశారు. అన్నీ వాసు కారులాంటివే. పైకప్పు లేకుండా, నేలని రాసుకుంటున్నట్టుండే చిన్న స్పోర్ట్స్ కార్లు. విడిభాగాలుగా పెట్టెల్లో తెప్పించుకుని, సెలవు రోజుల్లో ఎవరిది వాళ్లే బిగించుకున్నవి. అక్కడ సెలవు కాబట్టి శుక్రవారం పొద్దున్నే అందరూ కలిసి వరసగా షికారు వెళ్లడం ఆ బృందానికి అలవాటు. ఇవాళ ఓ మోటారు పత్రిక నుంచి ఫొటోలు తీసే మనిషి కూడా వెంట వచ్చాడు. అందుకని అందరిలోకీ అందమైన వాసు ఎర్రకారుని ముందు నడవమన్నారు.

ఆ కారులో సగం మురళిది. అతన్నడిగితే ముప్పాతిక అంటాడు.

ఇద్దరూ కాకినాడలో కలిసి చదువుకుని, దుబాయ్‌లో ఒకే గదిలో బతికినవాళ్లు. కారు పెట్టెలు ఇంగ్లండు నుంచి కలిసే తెప్పించారు. షార్జాలో షెడ్డు అద్దెకి తీసుకుని కలిసే మొదలుపెట్టారు. చట్రం నిలబడి, ఇంజను కూర్చున్నాక 2009 మాంద్యంలో మురళి ఉద్యోగం ఊడింది. వీసా రద్దయి ఇంటికి బయల్దేరిన రోజు వాసు ఎయిర్‌పోర్టులో అతని చెయ్యి పట్టుకుని, నువ్వొచ్చేదాకా కారు ముట్టుకోనని మాటిచ్చాడు.

ఏడాది తిరక్కుండా ఫేస్‌బుక్‌లో ఫొటో కనిపించింది. ధగధగలాడే ఎర్రకారు, దాని బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డ వాసు. కింద ఒకే మాట: ‘ఒంటిచేత్తో కట్టిన కారు’. ఆ ఇంజను దించేటప్పుడు నలిగిన మురళి బొటనవేలి గోరు అప్పటికింకా సరిగ్గా పెరగలేదు.

కొన్నేళ్లకి అబుదాబి అవతల రువైస్ రిఫైనరీలో ఉద్యోగం దొరికి మురళి మళ్లీ వచ్చాడు. వాసు ఎదురెళ్లి కావలించుకున్నాడు. కారు సంగతి ఇతను అడగలేదు, అతను ఎత్తలేదు. తర్వాత ఓ రోజు వాసు ఫోన్ చేసి, బండి మారాం చేస్తోంది, ఒకసారి చూసిపెట్టవా అన్నాడు. మురళి వెళ్లి బాగుచేశాడు. చేస్తూ చేస్తూ ఉండగానే అతనికి కసి తీర్చుకునే దారి కనిపించింది.

అప్పట్నించీ గురువారం డ్యూటీ దిగగానే ఎడారిలో అంత దూరం నడుపుకుంటూ షార్జా వచ్చేవాడు. షికారుకి ముందు బండి సరిచూడటం తన పనిగా పెట్టుకున్నాడు. ఒక వారం ఏదో స్క్రూ వదులు చేసేవాడు, ఇంకో వారం ఓ వైరు కొస సగం ఊడదీసేవాడు. బ్రేకుల జోలికీ స్టీరింగు జోలికీ మాత్రం పోలేదు. వాసు చావక్కర్లేదు, నలుగురిలో తల దించుకుంటే చాలు.

పెట్రోలు బంకు ముందు ఒకసారి, బృందంలో కొత్తవాళ్లు చేరిన రోజు ఒకసారి కారు మొండికేసింది. వాసు బిక్కమొహం వేసుకుని మురళిని పిలిచేవాడు. మురళి అందరి ముందూ చిటికెలో నడిపించి చూపించేవాడు. ఆ తర్వాత ఇద్దరూ దారిపక్క కెఫెటీరియాలో చిక్కటి కరక్ చాయ్ తాగేవాళ్లు. వాసు పాత గది కబుర్లు తవ్వుతుంటే మురళి లోపల నవ్వుకుంటూ వినేవాడు. రువైస్ తిరిగి వెళ్లేంతసేపూ ఒళ్లు తేలికగా ఉండేది.

ఇవాళ మాత్రం బండి నడిపించే ఉద్దేశం అతనికి లేదు.

బృందానికి పెద్ద, కడప మనిషి ఇమామ్ హుస్సేన్, దూరం నుంచే చెయ్యూపాడు. “మురళీ భాయ్, యల్లా, త్వరగా నీ మందేదో వెయ్యి. ఎండ ముదరకముందే కొండ దిగాల.”

మురళి పనిముట్ల పెట్టె కారులోనే వదిలేసి తాపీగా నడిచి వచ్చాడు. బానెట్ ఎత్తి, చూసినట్టు చూసి, దించేశాడు. చుట్టూ అందరూ చేరేదాకా ఆగాడు.

“నా వల్ల కాదు, ఖలాస్. ఒంటిచేత్తో కట్టినవాడివి కదా వాసూ, నువ్వే చూసుకో.”

ఎవరో కిసుక్కున నవ్వారు. పత్రికవాడు కెమెరా పైకెత్తాడు. ఇక లాభం లేదని ఇమామ్ హుస్సేన్ తన కారులోంచి తాడు తెమ్మన్నాడు. ఎర్రకారుని తాడు కట్టి ఈడ్చుకెళ్లే ఆ దృశ్యాన్నే మురళి వారమంతా కళ్ల ముందు నిలుపుకున్నాడు.

వాసు మొహం కందిపోయింది. మురళి వైపు ఒకసారి చూసి, ఇమామ్ హుస్సేన్ వైపు తిరిగాడు.

“తాడొద్దు భాయ్. ఇది ఒంటిచేత్తో కట్టింది కాదు. ఇంజనూ చట్రమూ మురళివే. ఆ రోజు గొప్పకి పోయి అలా రాసుకున్నాను.”

ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట అంత మామూలుగా చెవిన పడేసరికి, మురళి కారుకి అడ్డం తప్పుకున్నాడు.

వాసు బానెట్ ఎత్తాడు. ఎక్కడా వెతకలేదు, తడుముకోలేదు. చెయ్యి తిన్నగా లోపలికి పోనిచ్చి, మురళి రాత్రి వదులు చేసిన వైరునే పట్టుకుని బిగించాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అందరూ హమ్మయ్య అనుకుంటూ ఎవరి కార్ల వైపు వాళ్లు నడిచారు.

మురళి దగ్గరికి జరిగాడు. “నీకు తెలుసా?”

“మొదట్నించీ.”

“తెలిసీ ప్రతి వారం నన్నెందుకు పిలిచావు?”

వాసు చేతికంటిన నూనె ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“కారు బాగుంటే నువ్వు రావు కదరా.”