ఒకటిన్నర చుక్కలు

“ఇంకో రెండు చుక్కలు ఎక్కువేస్తే మీ సొమ్మేం పోయిందర్రా?” సంపూర్ణమ్మ మూడోసారి అడిగింది.

“ఇష్టమొచ్చినన్ని పెట్టడానికి అవి ముగ్గులో చుక్కలు కాదండి అత్తయ్యా,” అంది కోడలు పూజిత, వంకాయలు తరుగుతూ.

“నువ్వు మాట్లాడకు. ప్రమాదం నీ మొగుడికి గానీ నీక్కాదుగా!”

పూజిత ఇంకో వంకాయ అందుకుంది.

పోయిన శుక్రవారం సినిమా వారపత్రికలో ఓ పెద్ద హీరో సినిమాకి ఒకటిన్నర స్టార్లు పడ్డాయి. పేజీ అడుగున, రివ్యూ రాసినవాడిగా, ‘భానుతేజ, రాజమండ్రి’ అని సంపూర్ణమ్మ కొడుకు పేరు. ఆ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. మొదట తిట్లు, తర్వాత వీధి పేరు, ఆ తర్వాత ఇంటి నంబరు. నిన్న ఒకడు మరీ మర్యాదగా చెప్పాడు: “వచ్చే సంచికలో తప్పయిపోయిందని రాసి మూడున్నర వెయ్యండి సార్. లేకపోతే మేమే ఇంటికొచ్చి దగ్గరుండి వేయిస్తాం.”

ఇవాళ గురువారం. సాయంత్రం ఆరింటికి పేజీ ప్రెస్సుకి వెళ్లిపోతుంది.

సంపూర్ణమ్మ ఊరికే కూర్చోలేదు. గేటుకున్న పేరుపలక ఊడబెరికి బియ్యం డబ్బాలో దాచింది. తలుపు కొట్టేముందు పేరు చెప్పమని పాలావిడకి చెప్పింది. గండం గడిస్తే కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు మోకాళ్ల మీద ఎక్కుతానని మొక్కుకుంది. భానుతేజ మూడు రోజులుగా ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసుకి సెలవు పెట్టి, మధ్యగదిలో తలుపేసుకుని కూర్చున్నాడు.

హాల్లో నేలమీద సంపూర్ణమ్మ కూతురు శ్రీదివ్య, తన అన్నయ్యవి ఆరేళ్ల రివ్యూ పేజీలు పరిచి స్కేలుతో కొలుస్తోంది. డిజైన్ కోర్సులో దాని ప్రాజెక్టు అదే.

“ఇల్లు అంటుకుంటుంటే నీ కొలతలేంటే?”

“ఇవి చూస్తేనే తెలుస్తుందమ్మా, వాళ్లకి కోపం ఎందుకొచ్చిందో. ఇదిగో, కన్ను ముందు హీరో బొమ్మ మీద పడుతుంది. అక్కణ్ణుంచి కుడిచేతి మూల స్టార్ల మీదకి జారుతుంది. తర్వాత అడుగున నల్లగీతల డబ్బాలో ‘చివరిమాట’. దాని కిందే అన్నయ్య పేరు. మధ్యలో ఉన్న రెండు కాలమ్సూ ఎవరూ చదవరు.”

“అయితే ఆ పేరు ఎక్కడైనా కనబడకుండా తొయ్యొచ్చా? కాగితం మడతలోకి?”

“పేరు లేకుండా పేజీ వెళ్లదండి,” వంటింట్లోంచి పూజిత.

“ఏం పంతమే అది!” సంపూర్ణమ్మ వంటింటి వైపు తిరిగింది. “నీకు వాడి పేరు అచ్చులో చూసుకుని మురిసిపోడం కావాలి. వాడు మనిషిగా మిగలక్కర్లేదు.”

పూజిత తడిచేతులు కొంగుకి తుడుచుకుని ఫోనందుకుంది. ఎప్పుడూ అంతే. పొయ్యి మీద కూర ఉడుకుతున్నంతసేపూ ఆ ఫోన్లో టకటకా ఏదో టైపు చేసుకుంటూనే ఉంటుంది.

“ఒకటి గమనించావా అమ్మా?” శ్రీదివ్య రెండు పేజీలు పక్కపక్కన పెట్టింది. “పెళ్లికి ముందు రెండేళ్లూ అన్నయ్య పేజీలో కథే మూడొంతులు. ఆఖర్న అన్నిటికీ ‘ఒకసారి చూడవచ్చు.’ పెళ్లయ్యాక కథ నాలుగే లైన్లు, చివరిమాటకి ఎక్కడలేని పదును.”

“పెళ్లయితే బాధ్యత తెలీదూ మరి!” అంత భయంలోనూ సంపూర్ణమ్మ మొహం వెలిగింది. వంగి చదివింది. “‘ఎసరు మరిగించి బియ్యం పోయడం మరిచిపోయారు.’ మంచినీళ్లయినా తనంతట తాను ముంచుకు తాగడు. వాడికి ఈ మాటలెలా తడతాయో!”

వీధిలో మోటార్ సైకిళ్లు ఆగిన చప్పుడైంది.

సంపూర్ణమ్మ కిటికీ రెక్క సందులోంచి చూసింది. రెండు బళ్లు, నలుగురు మనుషులు. ఒకడు పేరుపలక ఉండాల్సిన చోట వేలితో తడిమి చూశాడు. మధ్యగదిలో ఫోను మోగింది. భానుతేజ దాన్ని పట్టుకుని హాల్లోకొచ్చాడు. కంగారులో స్పీకర్ నొక్కేశాడు.

“గేటు దగ్గరే ఉన్నాం సార్. గొడవకి రాలేదు. ఒక్కటే డౌటు. సెకండాఫ్‌లో ఏ సీను నచ్చలేదో మీ నోటితో చెప్పండి, పోతాం.”

భానుతేజ భార్య వైపు చూశాడు. బిడ్డకి భయంతో మాట పడిపోయిందనుకుని సంపూర్ణమ్మ వాడి వీపు నిమిరింది.

“చెప్పలేరు కదా? రేపు పేజీ చూసి మళ్లీ వస్తాం.”

బళ్లు వెళ్లిపోయాయి.

“నా పేరు తీయించెయ్యి పూజితా,” అన్నాడు భానుతేజ, గోడకి చేరగిలబడి.

పూజిత ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లింది. నూతి గట్టు దగ్గర నిలబడి ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది.

ఆరింటికి ఇంకా పది నిమిషాలుందనగా లోపలికొచ్చింది.

“అందరూ ఓసారి ఇలా రండి. ఎడిటర్‌గారితో మాట్లాడాను. స్టార్లు మారవు, ఒకటిన్నరే. తప్పయిందని రాసేదీ లేదు. పోయినవారం పేజీకి ఈయన పేరు తీసేస్తున్నామనీ, ఇకముందు పేజీల మీదా ఉండదనీ మాత్రం రేపు పెద్దక్షరాలతో వేస్తున్నారు.”

సంపూర్ణమ్మ గభాల్న కొడుకు తల గుండెకి హత్తుకుంది. “నా తండ్రే! బతికించావు నరసింహస్వామీ!” అంతలోనే అనుమానమొచ్చింది. “పేరు లేకుండా పేజీ వెళ్లదన్నావుగా?”

“వెళ్లదండి.”

“మరి ఎవడి పేరేస్తున్నారే? ఏ తల్లి కన్నబిడ్డో పాపం, ఆ వెధవలు వాణ్ణి బతకనిస్తారా?”

భానుతేజ తలొంచుకున్నాడు. పూజిత కింద పరిచిన పేజీల్లోంచి నాలుగేళ్లవి ఒక్కొక్కటీ ఏరి, దొంతి పెట్టి, అత్తగారి చేతికిచ్చింది.

“రాసినదాన్ని నేనే కదండి అత్తయ్యా, నా పేరే.”